ఆదివారం సాక్ష్యం

“...అయితే గంజాయి దేవుడికి కనపడదా?” అంటోంది నవోమి.

“సారా మానినానా లేదా, అది చెప్పు. పదకొండు నెలలాయె. నా చేతులేమన్నా వణుకుతుండాయా?” అన్నాడు ఆమె భర్త హెబ్రోను.

వణకడం లేదు. నవోమి కూడా కాదనలేదు. బిట్రగుంట యార్డులో ఆగిన గూడ్సు బండి చక్రాలను సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు ఉందో లేదో చెప్పడం హెబ్రోను పని. సారా తాగే రోజుల్లో సుత్తి చేతిలో నిలిచేది కాదు. మానిన కొత్తలో నిద్ర పట్టక గంజాయి చిలుం పట్టాడు. ఇప్పుడది డ్యూటీకి ముందు కూడా కావాలి.

ఈ ఆదివారం చర్చిలో అతను తాగుడు మానినట్టు సాక్ష్యం చెప్పాలి. పాస్టరుగారు అందరికీ చెప్పి ఉంచారు.

“చిలుం సంగతి కూడా చెప్తావా, సగం చెప్పి కూర్చుంటావా?”

“సగమన్నా బాగుపడినా గదే, సంతోషపడు.”

నవోమి నవ్వలేదు. హెబ్రోను నిన్నటి సంగతి చెప్పాడు. పన్నెండో వ్యాగన్ దగ్గర ఆగాడు. దాని చక్రాలను కొట్టాడో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మళ్లీ ఇంజను దగ్గరికి నడిచి, మొదటి చక్రం నుంచి కొట్టుకుంటూ వచ్చాడు.

“ఎవరన్నా చూసినారా?”

“లేదు.”

అతను లేచి చొక్కా తొడుక్కున్నాడు.

“పాస్టరుగారి దగ్గరికి పోయొస్తా. ఈ ఆదివారం సాక్ష్యం లేదని చెప్తా. ఇయ్యాళ చిలుం కూడా మానేస్తుండా. ఇయ్యాళ్టి నించి ఏడాది నిండినాక చెప్తా.”