పాప కాలి మీది ప్లాస్టర్

సహోదరీ సహోదరులారా, నా పేరు సునీత, మాది కొడకండ్ల. మూడేళ్ల కిందటి వరకు ప్రతి ఆదివారం ఈ జనగామ మందిరంలోనే చివరి వరుసలో కూర్చుని, ఒంట్లో బాగా లేదని చెప్పి మీ అందరితో ప్రార్థన చేయించుకున్నాను. నిజానికి నాకు ఏ జబ్బూ లేదు. అసలు సంగతి చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను.

అంతకు ముందు నేను మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా పనిచేసేదాన్ని. గూడూరు వైపు తండా నుంచి వచ్చిన శాంతి అనే ఆమెకు అక్కడ ఆడపిల్ల పుట్టింది. పాప సరిగా పాలు తాగడం లేదని కాలికి సెలైన్ పెట్టారు. రెండో రోజు పొద్దున సూది తీసేయమంటే, నేను ఎప్పటిలాగే ప్లాస్టర్ కొస పట్టుకుని లాగాను. ప్లాస్టర్‌తో పాటు చీలమండ నుంచి వేళ్ల దాకా చర్మం ఊడి వచ్చింది. పదకొండేళ్ల పనిలో అలాంటిది నేనెన్నడూ చూడలేదు. కంగారుగా చంకల కింద చేతులు పెట్టి ఎత్తుకుంటే అక్కడ కూడా బొబ్బలు లేచాయి.

శాంతి భర్త రవి పరుగెత్తుకొచ్చి, "ఏం చేసినవ్ నా బిడ్డను? తోలు గుంజినవ్ గదా" అన్నాడు. ఆ మధ్యాహ్నమే పాపను హైదరాబాద్ పంపించారు. వారం తిరక్కుండా నేను ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాను. పాప బతికిందో లేదో ఎవరినీ అడగలేదు, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. మా చెల్లెలు తన బిడ్డకు నీళ్లు పోయమంటే జ్వరమని చెప్పి ముసుగు తన్ని పడుకునేదాన్ని. పసిపిల్లలను ముట్టుకోవాలంటేనే చేతులు వణికేవి. అలా రెండేళ్లు గడిచాయి.

ఒక బుధవారం మందిరం ఊడుస్తూ, చీపురు పక్కన పెట్టి అక్కడే మోకరించాను. "ప్రభువా, ఆ పాప ఏమైందో నాకు తెలియాలి. బతికి ఉంటే వాళ్ల కాళ్ల మీద పడతాను, లేకపోయినా వాళ్ల ముందుకు వెళ్లి నిలబడతాను, అంతవరకు నన్ను నడిపించు" అని ప్రార్థించాను. నాకు దర్శనమేమీ రాలేదు, స్వరమేమీ వినిపించలేదు, కానీ మరునాడు పొద్దున బస్సెక్కే ధైర్యం వచ్చింది.

నేను తండాకు వెళ్లేసరికి శాంతి గడప దగ్గర కూర్చుని ఉంది, ఆమె ముందు మెత్తటి బట్ట మీద రెండేళ్ల పాప, ఒంటి నిండా కట్లు. పాప బతికే ఉంది. శాంతి నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నర్సమ్మవు గదా నువ్వు?"

"అవునమ్మా, ఆ రోజు నా చేతులతోనే..." అంటూ ఆమె కాళ్ల మీద పడబోయాను.

"నీ చేతులది ఏం లేదక్కా. గది పుట్టుకతోని వచ్చిన బీమారి. హైదరాబాద్ల తోలు ముక్క తీసి పరీక్ష చేసిన్రు. అంగి రాసుకున్నా ఊడుతది, సబ్బు బిళ్ల తాకినా ఊడుతది. ఒకలకెల్లి ఒకలకు అంటుకునేది కాదు, ఎవ్వరి తప్పూ కాదన్నరు. గీ ముచ్చట నీకు చెప్పాల్నని రెండు సార్లు ఆ దవాఖానకు వచ్చిన. నువ్వు మానేసినవన్నరు."

సహోదరులారా, నేను ఎవరికి ముఖం చూపించలేక దాక్కున్నానో, ఆ తల్లే నా బరువు దించడానికి నన్ను వెతుక్కుంటూ రెండుసార్లు వచ్చి వెళ్లింది. నేను ఏడుస్తుంటే ఆమె, "ఏడుపు తర్వాత అక్కా, వీపు మీద కట్టు మార్చాలె, నాకొక్కదానికి చేతులు చాలుత లేవు. చేతులు కడుక్కొని రా" అంది.

ఆ రోజు నేను మళ్లీ పని నేర్చుకున్నాను. పాపను చంకల కింద పట్టి ఎత్తకుండా, పిరుదుల కింద ఒక అరచెయ్యి, మెడ వెనక ఒక అరచెయ్యి పెట్టి లేపాలి. బొబ్బను శుభ్రమైన సూదితో కింది వైపు గుచ్చి, నీరు పోనిచ్చి, పైపొర అలాగే ఉంచాలి. వ్యాసిలిన్ పూసిన గుడ్డ పరిచి మెత్తటి కట్టు చుట్టాలి, వేళ్లు అతుక్కుపోకుండా ఒక్కో వేలికి విడిగా చుట్టాలి. ఐదో తరగతి చదివిన శాంతి చెబుతుంటే నేను చేశాను. పాప పేరు నందిని అని అప్పుడే తెలిసింది.

అప్పటి నుంచి వారానికి రెండు రోజులు వెళ్లేదాన్ని. మూడో నెలలో వీపు మీది పుండు చీము పట్టి, ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చింది. రవి, శాంతి, నేను కలిసి నందినిని వరంగల్ తీసుకుపోయాం. అక్కడ ఒక చిన్న వయసు నర్సు సూది పెట్టి, దాని మీద అంటించడానికి ప్లాస్టర్ ముక్క చింపింది. నేను ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని, "వద్దు చెల్లె, దీనికి ప్లాస్టర్ పడదు, కట్టుతోని చుడుదాం" అన్నాను. ఆ అమ్మాయి భయపడి కట్టుగుడ్డ నాకే ఇచ్చింది, నేను చుట్టాను. నా చేతులు వణకలేదని బయటికి వచ్చాక గాని గమనించలేదు. ఐదు రోజులకు జ్వరం దిగింది. రవి నాతో, "నాడు కోపంల అన్న అక్కా, మనసుల పెట్టుకోకు" అన్నాడు.

నందిని జబ్బు పోలేదు, పోయిందని ఇక్కడ నిలబడి అబద్ధం చెప్పను. దీన్ని పూర్తిగా నయం చేసే మందు మాకు ఇంకా దొరకలేదు. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఇదే జబ్బున్న ఇంకో పసిపాపకు కూడా కట్లు కట్టాను, ఆ పాప ఏడాది నిండక ముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఎందుకని ఆయనను అడిగాను, ఇప్పటికీ అడుగుతున్నాను. నందినికి మాత్రం ఐదేళ్లు వచ్చాయి, కుట్లు ఒరుసుకోకుండా గౌను తిరగేసి తొడుక్కుని అంగన్‌వాడీకి పోతోంది, నేను కట్టు చుడుతుంటే "అత్తా, తొందరగ చెయ్యి, అక్కడ పాట మొదలైతది" అంటుంది. నేను ప్రార్థన చేస్తానంటే శాంతి, "చేసుకో అక్కా, నేనీలోపు నీళ్లు కాగబెడత" అంటుంది. వాళ్ల దేవుళ్లు వాళ్లకున్నారు, నేను బలవంతం చేయలేదు.

నన్ను భయం నుంచి విడిపించి, మళ్లీ పిల్లల దగ్గరికి నడిపించిన దేవునికే మహిమ. మీ ఊళ్లో ఇలాంటి బిడ్డ ఉంటే పాపమనీ శాపమనీ అనకండి, నూనె పెట్టి రుద్దకండి, పెద్ద దవాఖానకు తీసుకుపోండి. మీలో ఎవరైనా నాలాగే ఒక ఇంటి ముఖం చూడలేక తప్పించుకు తిరుగుతుంటే, ప్రభువు మీద భారం వేసి ఆ ఇంటికి వెళ్లండి. కూటం అయ్యాక నేను ఇక్కడే ఉంటాను. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే చెప్పండి, తోడు వస్తాను.