లాడిల్ అడుగున మూసేసిన ప్లగ్

2022. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారం. కరిగిన ఉక్కును శుద్ధి చేసే పెద్ద గంగాళాన్ని లాడిల్ అంటారు. దాని అడుగున పోరస్ ప్లగ్‌లు, అంటే సన్నని రంధ్రాలున్న ఇటుకలు ఉంటాయి. వాటి గుండా ఆర్గాన్ వాయువు పంపితే బుడగలతోపాటు మలినాలు పైకి తేలి, ఉక్కు మీద తెట్టులా ఉండే చిట్టెంలో కలుస్తాయి. లోపల ఉక్కు ఎలా సుళ్లు తిరుగుతోందో కంటికి కనిపించదు కనుక కంప్యూటర్‌లో నమూనా కట్టి లెక్కవేయడం నా ఉద్యోగం.

ఆ ఏడు ఎంత చేసినా మలినాలు తగ్గడం లేదు. మేనేజరు ఇచ్చిన డ్రాయింగు ప్రకారం రెండు ప్లగ్‌లు పెట్టి రెండు నెలలు లెక్క కట్టాను. గ్యాస్ సరిగ్గా వదిలితే మలినాలు పోయి తీరాలని రిపోర్టు రాసి, చివర్లో "ఆపరేటర్ పనితీరు గమనించాలి" అని ఒక వాక్యం తగిలించాను. ఏ ఘడియలో రాశానో! దాన్ని పట్టుకుని మేనేజరు, ఇరవై ఏళ్లుగా లాడిల్ నడుపుతున్న మల్లేశ్‌కు మెమో ఇచ్చాడు. వారంలో సంజాయిషీ ఇవ్వాలి, లేదంటే సస్పెన్షన్.

మల్లేశ్ ఆ మెమోతో నా క్యాబిన్‌కు వచ్చాడు. తెరమీద బొమ్మ చూపించి, గ్యాస్ తన్నుకొచ్చిన చోట చిట్టెం విడిపోయి ఉక్కు కనబడుతుందని వివరించబోయాను.

"గదంత నాకెరుకనే సార్. గని మీ బొమ్మల రెండు జాగలల్ల తెరుసుకున్నదేంది? మాకు ఒక్కకాడనే తెరుసుకుంటది."

"రెండో ప్లగ్ ఏమైంది?"

"కొత్త ప్లగ్‌లు రాలేదని పోయిన దివాళికాడ మామూలు ఇటుక పెట్టి మూసిన్రు గద."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు ఎప్పుడన్న కిందికొచ్చిన్రా సార్?"

ఇది చెప్పని మేనేజరు మీద ఒళ్లు మండిపోయింది. గ్యాసంతా ఒకే ప్లగ్‌లోంచి దూసుకొచ్చి, పైనున్న చిట్టేన్ని మళ్లీ ఉక్కులోకే లాగుతోంది! మేనేజరును అడిగితే "అరే, వో తో సబ్‌కో మాలూమ్ హై" అన్నాడు తాపీగా. అందరికీ తెలుసట! తెలిసిన పెద్దమనిషి డ్రాయింగు మార్చడేం? అయినా ఆయన్ని అని ఏం లాభం? మెట్లు దిగితే కనిపించే లాడిల్‌ను రెండు నెలల్లో ఒక్కసారి చూడని నన్నేమనాలి?

తప్పు నాదేనని రాసిచ్చాక మెమో రద్దయింది. రద్దు చేసిన కాగితం ఇవ్వబోతే మల్లేశ్ తీసుకోలేదు.

"గిది ఇంగ్లీషుల ఉన్నది. మెమో సంగతి ఘుగ్గుస్‌ల మా ఇండ్ల లైనంతకు ఎరుకే. మీరే వచ్చి తెలుగుల చెప్పున్రి."

ఆదివారం ఘుగ్గుస్‌లో మల్లేశ్ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య, ఇరుగుపొరుగుల ముందు నిలబడి, మల్లేశ్ పనిలో ఏ లోపమూ లేదని, చూడకుండా రాసింది నేనేనని చెప్పాను. ఆమె కోప్పడలేదు.

"సూసి రాయొద్దా సారూ?" అంది, అంతే.

ఇప్పుడు లాడిల్ దగ్గర నిలబడి, నడిపే మనిషిని అడగకుండా ఒక్క గీత గీయను. అయినా ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.