అడుగు చూసే అత్త

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను నారాయణగూడ మార్కెట్‌లో బెండకాయలు ఏరుతున్నాను. ఏరడం ఆపలేదు. ముదురువి పక్కకు తీసి, లేతవి తూకం వేయించుకుని, ఆ సంచితోనే చిక్కడపల్లిలో అత్త ఇంటికి నడిచాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రావడం లేదు.

మా తాతది పాత ఫర్నిచర్ దుకాణం. అత్త అందులోనే పెరిగింది. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అనే పద్ధతి సామానంటే ఆమెకు ప్రాణం. ఇంగ్లీషువాళ్ల కాలంలో వచ్చిన రకం అది. నగిషీలుండవు, కర్రకు కర్ర కలిసిన అతుకు దాచకుండా బయటికే కనిపిస్తుంది. ఆ పేరు చెప్పి కొత్త సరుకు అంటగట్టేవాళ్లకు కొదవలేదు. అందుకే అత్త ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగేముందే బల్ల కిందికి వంగేది.

"మొహానికి పౌడరు ఎవడన్న కొడతడు బిడ్డా. అడుగు చూడాలె," అనేది.

అసలు అతుకులో కర్ర కొస అవతలిదాకా దూరి వస్తుంది, నకిలీదానిలో పైన ముక్క అతికిస్తారు. స్క్రూ తలమీద ప్లస్ గుర్తు గాడి ఉంటే కొత్త కాలానిది. "గట్లని ఒక్క స్క్రూ మాట నమ్మకు. రిపేరుకు ఏసుంటరు. అన్నీ చూడు."

అశోక్‌నగర్‌లో ఒకావిడ తన రాతబల్ల ముత్తాత నాటిదని మురిసిపోతూ చూపించింది. అత్త నా చేత ఫోన్ లైటు వేయించి, సొరుగు లాగి, కింద తడిమి లేచింది. "మీ ముత్తాతది కాదమ్మా. ఈ పిల్లకన్న చిన్నది." నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఇంట్లో మాకు చాయ్ రాలేదు.

అలాంటి మనిషికి, పెళ్లయిన కొత్తలో మామ ఒక చేతుల కుర్చీ మోసుకొచ్చాడట, నీకు నచ్చే పాత రకం దొరికిందని. అత్త చూసి "పాతదే" అందట. ఆమె నోట ఆ మాట వచ్చాక ఇంకెవరు వంగి చూస్తారు? వచ్చినవాళ్లందరికీ మామ ఆ కుర్చీ చూపించేవాడు. ఇంట్లో ఇంకెక్కడా కూర్చునేవాడు కాదు.

పెద్దకర్మ అయ్యాక బావ, అంటే అత్త కొడుకు, మామను అంబర్‌పేట్‌లో తన ఫ్లాట్‌కు తీసుకెళ్తానన్నాడు.

"మా తాన జాగ లేదు. నువ్వు అమ్మ దగ్గర నేర్చుకున్నవ్ గదా, జర చూడు. ఆ కుర్చీ నిజంగ పాతదైతే తీస్కపోదం. లేకుంటే ఈడనే అమ్మేద్దం."

మామ గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

కుర్చీని పక్కకు వాల్చి నేల మీద కూర్చున్నాను. స్క్రూ తలలన్నీ నున్నగా మూసుకుపోయి ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీకాను. గోధుమరంగు మైనం పెచ్చు ఊడింది. లీలగా కాఫీ వాసన. పగుళ్లు పూడ్చడానికి మైనంలో కాఫీపొడి కలిపేది అత్త ఒక్కతే. పెచ్చు కింద ప్లస్ గుర్తు. పక్కదాన్ని గీకాను, అదీ అంతే. అతుకుల కొసలు చూస్తే అన్నీ అతికించిన ముక్కలే.

అత్తకు తెలుసు. తెలిసే, ఇంకెవరికీ తెలియకుండా మూసేసింది. నాకు లోపల ఏదో కదిలినట్టయింది, మళ్లీ అంతా మొద్దుబారిపోయింది.

"ఏందమ్మా, పాతదేనా?" అన్నాడు మామ.

"పాతదే మామా."

"నాకు ఎర్కనే. మీ అత్త అబద్ధం చెప్పదు గదా."

బావ ఆటో ట్రాలీ కోసం ఫోన్ చేస్తున్నాడు. నేను పెచ్చును తిరిగి గాడిలో పెట్టి బొటనవేలితో నొక్కాను. గట్టిపడిన మైనం, అతుక్కోవడం లేదు. నా వేలి వేడికి అది మెత్తబడేదాకా అలాగే నొక్కి పట్టుకుని కూర్చున్నాను.