దించుకున్న చెయ్యి

మా ఫ్రిజ్ మీద మూడు రోజుల నుంచి ఇప్పపువ్వు లడ్డూల పొట్లం ఉన్నది. ఇంకా విప్పనే లేదు, అయినా తలుపు తీసి లోపలికి అడుగుపెడితె చాలు, ఆ మత్తు మత్తు తియ్యటి వాసన నన్ను గల్ల పట్టుకొని ఇరవై ఏండ్ల ఎన్కకు గుంజుకపోతది.

మాది కారేపల్లి పక్కన తండా. నాయిన కొలువు చేసేటోడు, నన్ను తీసుకపోయి భద్రాచలం అవతల అడివి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడిల ఏసిండు. అక్కడ ఎండలు ముదురుతున్నయంటె వంటశాల ఎన్క ఇప్పచెట్ల కింద తెల్లారేసరికి పువ్వు పరుపు పరిచినట్టు రాలేది. మంచుకు తడిసిన ఆ పువ్వును గౌన్లల్ల ఏరుకొచ్చి, ఎండబెట్టి, వంటక్కను బతిమాలి వేయించుకొని, నువ్వులు బెల్లం కలిపి దంచి ముద్దలు చేసుకొని ట్రంకుపెట్టెల్ల దాచుకునేటోళ్లం. ఈ పనిల మా అందరికి పెద్ద దిక్కు ముత్తమ్మ. కోయగూడెం పిల్ల, నా ఈడుదే, మా ఫుట్‌బాల్ టీముకు గోల్‌కీపర్.

మా గ్రౌండుకు ఒక దిక్కు వాగు, రెండు దిక్కుల పరికి ముళ్ల పొదలు. బడి మొత్తానికి బాల్ ఒక్కటే. గట్టిగ తంతె ముళ్లల్ల పడి పగిలేది, లేకుంటె వాగుల పడి గోదారి తొవ్వ పట్టేది, ఇగ నెల దినాలు ఆట బంద్. అందుకని బాల్ నేల విడువొద్దని మాకు మేమే కట్టడి పెట్టుకున్నం. ముత్తమ్మ పట్టిన బాల్‌ను ఎన్నడు ఎత్తి తన్నేది కాదు, వంగి చేత్తోని మెల్లగ దొర్లించేది. ఆమె ముందట గోలుకు అడ్డం నిలబడి బ్యాక్ ఆడేదాన్ని నేను. బాల్ కావాలంటె అరిచేది లేదు, తొడ పక్కన అరచెయ్యి తెరిచి చూపాలె. చెయ్యి చూపితె ఇస్తది, చూపకుంటె ఇయ్యదు. అవతలోళ్లు మీదికొస్తె నేను మళ్ల ఆమెకే ఇస్తుంటి, ఆమె కాలితోని ఇంకో దిక్కు పిల్లకు జరిపేది, గట్ల ఇంతింత జరుపుకుంట అవతలి గోలు దాక పోయేటోళ్లం. తొందరెందుకు పిల్లా, రాలిన పువ్వే ఏరుకుందం, కొమ్మ దులుపుడు ఎందుకు అనేది ముత్తమ్మ.

తొమ్మిదో తరగతిల మమ్మల్ని ఖమ్మం టోర్నీకి తీసుకపోయిన్రు. స్పోర్ట్స్ హాస్టల్‌కు పిల్లల్ని ఏరేటోళ్లు కుర్చీలేసుకొని కూసున్నరు. ముత్తమ్మకు సీటు ఖాయమని పీటీ సార్ ముందే అన్నడు. ఆ సీటు వస్తె ఆమె చదువు నిలుస్తది, రాకుంటె తునికాకు కోతకు పోవుడే. అది టీము మొత్తానికి తెలుసు, అందరికంటె నాకు ఎక్కువ తెలుసు.

నా ఆట చూపిద్దామని నాయిన ఆఫీసోళ్లను ఇద్దర్ని ఎంటేసుకొని వచ్చిండు. ముత్తమ్మ బాల్ దొర్లించినప్పుడల్ల జనం నవ్విన్రు, అడివిల తన్నుడు నేర్పలేదా అన్నరు. నాయిన పక్కోళ్లు గూడ నవ్విన్రు. నాకు సిగ్గైంది. సిగ్గు పడగూడని దానికి సిగ్గుపడ్డ.

ఆట అయిపోవస్తున్నది, ఇద్దరికీ గోల్ లేదు. ముత్తమ్మ బాల్ పట్టి నా దిక్కు చూసింది. అలవాటుకొద్ది అరచెయ్యి తెరిచి చూపిన. అంతల మళ్ల నవ్వులు వినబడ్డయి. నేను చెయ్యి దించుకొని, ఎత్తి తన్నమన్నట్టు ఆమెకు ఈపు తిప్పి అవతలి గోలు దిక్కు ఉరికిన. అప్పటికే బాల్ ఆమె చెయ్యి దాటింది. అవతలి పిల్ల వచ్చి అందుకొని గోల్ కొట్టింది. ఓడిపోయినం.

పీటీ సార్ నెత్తి పట్టుకొని, ఆ బాల్ ఎవరు అడిగిన్రని అందర్ని అడిగిండు.

"నేను అడగలే సార్. ఆమెనే ఇచ్చింది," అన్న.

ముత్తమ్మ నా మొఖం చూడలే, నా చెయ్యి చూసింది. కుర్చీల్ల కూసున్నోళ్లు మా టీములకెల్లి నా ఒక్కదాని పేరే రాసుకున్నరు. ఆ ఎండకాలం తునికాకు కోతకు పోయిన ముత్తమ్మ మళ్ల బడికి రాలే. నేను మాత్రం ఆ సీటుతోనే చదువుకొని ఆటల కోటాల కొలువు తెచ్చుకున్న, ఇయ్యాల తింటున్న బువ్వ గూడ అదే.

మొన్న నా బిడ్డకు బడి చూపిద్దామని పోయిన. గ్రౌండు మీద కొత్త బిల్డింగు లేచింది, ఇప్పచెట్టు ఒక్కటి గూడ లేదు, వాగు సన్నటి మురికి మోరీ అయింది. తిరిగొస్తుంటె బస్టాండు పక్కన ఆడోళ్ల సంఘం దుకాణంల ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముకుంట ముత్తమ్మ కనబడ్డది. ఆమెనే ముందు గుర్తుపట్టి, మంచిగున్నవా అని నా రెండు చేతులు పట్టుకున్నది. నా బిడ్డ ఏసుకున్న ఫుట్‌బాల్ బనీను చూసి నవ్వింది.

"మీ అమ్మ మస్తు ఆడేది బిడ్డా. ఖమ్మంల ఆ దినం నేనే ఆగమై బాల్ ఇచ్చిన."

నిజంగ గట్లనే నమ్ముతున్నదో, బిడ్డ ముందట నా ఇజ్జత్ కాపాడిందో తెల్వదు. కాదు ముత్తమ్మా, నేనే చెయ్యి చూపిన అని అనాల్సింది. ఆమె లడ్డూల పొట్లం ఇస్తె చెయ్యి చాపి తీసుకున్న.

బస్సుల కూసున్నంక నా బిడ్డ అడిగింది, ఆ దినం ఏమైందమ్మా అని.

"నేను అడగలే బిడ్డా, ఆమెనే ఇచ్చింది," అన్న.