మేక తినని ఆకు

మూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అని రాయగానే నేనేదో పాపం కష్టపడుతున్నట్టు ఉంది. అలాంటిదేం లేదు. నోట్లో ఈగ పడ్డాక ఉమ్మకుండా, మింగకుండా, పెదాలు మూసుకుని అందరితో నవ్వుతూ తిరగడం లాంటిది ఇది. మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. అదీ పిరికితనమే.

మాది మలికిపురం దగ్గర ఒక ఊరు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన మా ఊళ్లో ఆదివారం నడక మొదలుపెట్టారు. తెల్లవారాక పదిహేను ఇరవై మందిమి బయల్దేరి, కాలవ గట్లమ్మట, కొబ్బరితోటల్లోంచి, చేల మధ్య నుంచి నాలుగైదు కిలోమీటర్లు తిరిగి వచ్చేవాళ్లం. ఎక్కువమంది షుగరున్న పెద్దవాళ్లు. నేనెందుకు వెళ్లేదాన్నంటే, నడిచేటప్పుడు ఎవరూ మొహంలో మొహం పెట్టి మాట్లాడరు. అందరూ ముందుకే చూస్తారు.

మాస్టారికి జాగ్రత్త ఎక్కువ. ముందు ఒకరు, చివర ఒకరు, మధ్యలో మందుల సంచి. బయల్దేరేటప్పుడు తలలు లెక్కపెట్టేవారు, వచ్చాక మళ్లీ లెక్కపెట్టేవారు. ఆయనకి అసలు భయం బోదెల దగ్గర. చేలకి నీళ్లు పారే చిన్న కాలవల్ని మేం బోదెలంటాం. వాటి మీద రెండు తాటిపట్టెలు పడేస్తే అదే వంతెన. వానలు వెలిశాక ఆ పట్టె పైకి రాయిలా ఉంటుంది, లోపల గుల్లయిపోయి ఉంటుంది. కంటికి తెలీదు. కర్రతో కొట్టి చప్పుడు వినాలి, మడమతో తొక్కి చూడాలి. అందుకని ముందురోజు సాయంత్రం ఒకరు దారంతా వెళ్లి, ప్రతి పట్టెనీ పరీక్షించి, బాగుంటే పక్కనున్న కొమ్మకి పచ్చి కొబ్బరాకు ముడేసి రావాలి. మర్నాటికీ అది పచ్చగానే ఉంటుంది. పోయిన వారం ఆకైతే ఎండి తెలిసిపోతుంది. ఆకు లేనిచోట, మాస్టారు తన కర్రతో చూస్తే తప్ప, ఎవరూ దాటకూడదు.

ఆ పని నాకిచ్చారు. మాట్లాడదు గానీ శ్రద్ధగల పిల్ల అని.

ఆ శనివారం మొదటి మూడు చోట్లా చూశాను, ముడులు వేశాను. నాలుగోది ఊరికి దూరం. అక్కడికి కల్లుపాక ముందు నుంచి వెళ్లాలి. మగవాళ్లు కూర్చుని ఉంటారు, ఏమైనా అంటారేమోనని భయపడి వెనక్కి వచ్చేశాను. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇది. చాలా మర్యాదైన కారణం. ఏ ఆడపిల్ల విన్నా నా పక్షానే నిలబడుతుంది. కానీ ఆ రోజు పాక మూసి ఉంది. దూరం నుంచే కనపడింది. నేను వెనక్కి తిరిగింది, లైబ్రరీ నుంచి తెచ్చిన నవలలో ఇంకా ముప్పై పేజీలు ఉన్నాయని. వెలుతురుండగానే డాబా మీద కూర్చుని పూర్తి చెయ్యాలని. అంతే. ఇంత చిన్న కారణం. ఆ నవల ఎలా ముగిసిందో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

మర్నాడు నాలుగో బోదె దగ్గర మాస్టారు ఆగారు.

"ఏమ్మా, ఇక్కడ ఆకు లేదేంటి?"

అందరూ నావైపు తిరిగారు. చెవులు కాలిపోయాయి. 'ఇది చూడలేదండి' అంటే సరిపోయేది. ఆయన ఓసారి విసుక్కునేవారు, కర్రతో కొట్టి చూసేవారు, మహా అయితే చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లం. ఆ రెండు మాటలకి నోరు రాలేదు. అబద్ధానికి మాత్రం ఎంత సాఫీగా వచ్చిందో!

"కట్టేనండి మాస్టారూ. మేక తినేసుంటుందండి."

అందరూ నవ్వారు. కిరాణా కొట్టాయన వెనక నుంచి అందుకున్నారు. "ఆయ్, తినే ఉంటుందండి. ఆ నూకాలమ్మ మేకలు మొన్న మా గుమ్మానికి కట్టిన తోరణమే మిగల్చలేదండి బాబూ. ఇంకో గడియ ఉంటే గుమ్మం కూడా తినేసేవి!"

మాస్టారు నవ్వలేదు. కర్ర ఎత్తారు. "ఉండండి, ఓసారి కొట్టి చూస్తాను."

అప్పుడు అడ్డొచ్చింది మణి అత్తయ్యగారు. మా పక్కింటావిడ. నన్ను చిన్నప్పట్నుంచీ ఎత్తుకు తిప్పిన మనిషి.

"ఊరుకోండి మాస్టారూ. కట్టేనని పిల్ల చెప్తోంది కదండీ. పదిమందిలో దాన్ని అబద్ధాలకోరుని చేస్తారేంటి? అసలే గట్టిగా మాటాడితే ఏడ్చేసేలా ఉంటది. జరగండి, ముందు నేనెళ్తాను. మేకకి లేని భయం నాకేంటి?"

మాస్టారు నా మొహం చూశారు. కర్ర దించేశారు.

నా పరువు కాపాడ్డానికి ఆవిడ పట్టె ఎక్కారు. మూడో అడుగుకి అది విరిగింది. నీళ్లు మోకాలి లోతే. కానీ ఒక కాలు రెండు పట్టెల మధ్య ఇరుక్కుని, ఒళ్లంతా పక్కకి ఒరిగిపోయింది. ఆ కేక నేను రాయలేను. రాయగలిగింది ఇంకొకటుంది, మీకైనా చెప్పాలి. అప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన 'అయ్యో' కాదు. ఎవరైనా నావైపు చూస్తున్నారా అని. చూడటం లేదని తెలిశాక నాకు హాయనిపించింది. ఒక్క క్షణమే.

తుంటి ఎముక విరిగింది. అమలాపురంలో ఆపరేషన్ చేశారు. ఏటా అంతర్వేది తీర్థానికి కాలినడకన వెళ్లొచ్చే మనిషి ఇప్పుడు వాకర్ పట్టుకుని వీధి అరుగు దాకా వస్తారు. అక్కడ కూర్చుని వెళ్లేవాళ్లని చూస్తారు.

తప్పు మాస్టారి మీద పడింది. నిజానికి ఆయనే వేసుకున్నారు. ఆకు లేనిచోట దాటనిచ్చింది తనేనని అందరి ఇళ్లకీ వెళ్లి చెప్పారు. నడక ఆపేశారు. ఊళ్లోవాళ్లు నూకాలమ్మని కూడా వదల్లేదు. మేకల్ని ఊరి మీదికి వదిలి ఒక మనిషి కాలు తీసేశావని ముఖం మీదే అన్నారు. ఆవిడ ఏడ్చి, కొన్నాళ్లకి మేకల్ని అమ్మేసింది. నన్ను మాత్రం అందరూ ఓదార్చారు. పాపం పిల్ల బెదిరిపోయింది అన్నారు. నేను తల దించుకున్నాను. నా తల ఎప్పుడూ దించుకునే ఉంటుంది కాబట్టి ఎవరికీ తేడా తెలీలేదు. సిగ్గు ఎంత మంచి ముసుగో ఆ రోజు తెలిసింది. తెలిశాక వాడుకోవడం మానలేదు.

డైరీలో ఏం రాశానో తెలుసా? 'ఈ రోజు మనసంతా బరువుగా ఉంది. అత్తయ్యగారు పడిపోయారు.' కింద ఇంకో అరపేజీ, మనిషి ఒంట్లో ఎముకలెంత సున్నితమో అంటూ అందమైన వాక్యాలు. ఆకు మాట లేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా దాచానంటే ఎవరి కోసం దాచాను? మొన్న ఆ పేజీ తీసి చదివితే రోత పుట్టింది.

వారానికోసారి అత్తయ్యగారి దగ్గరికి వెళ్లి కథలు చదివి వినిపిస్తాను. ఆవిడ నా తల నిమిరి, నీలాంటి పిల్ల ఏ ఇంట్లో ఉంటే ఆ ఇల్లు చల్లగా ఉంటుందంటారు. ఇంకా వినాలని ఉంటుంది నాకు. అది ఇంకా రోత.

పోయిన వారం మాస్టారు ఫోన్ చేశారు. నడక మళ్లీ మొదలెట్టమని ఊళ్లోవాళ్లు అడుగుతున్నారట. తన మీద తనకి నమ్మకం పోయిందట, ఆ రోజు కర్ర దించిన చెయ్యి ఇంకా కలలోకొస్తుందట. నేను ముందుండి నడిపిస్తే బాగుంటుందట. జాగ్రత్త తెలిసిన పిల్లవి అన్నారు. నేను 'ఆయ్, చూస్తానండి' అని పెట్టేశాను. అప్పుడైనా చెప్పుండచ్చు. ఆ పెద్దాయన ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోయేవారు. చెప్పలేదు.

రేపు వెళ్లి చెప్తానని ఇక్కడ రాయను. అలా రాసేసి, రాసినందుకే మంచిదాన్నైపోయినట్టు నిద్రపోయిన రోజులు నా డైరీలో బోలెడు. చెప్పిన రోజున రాస్తే అప్పుడది నిజం. ఇవాళ్టికి నా దగ్గరున్న నిజం ఒక్కటే. మణి అత్తయ్యగారి తుంటి విరగ్గొట్టింది నేను.

ఈ వాక్యం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పాను. అసహ్యం ఏమీ తగ్గలేదు. ఊపిరి మాత్రం చాలా రోజుల తర్వాత కడుపు దాకా దిగుతోంది.