వంటగదిలోంచి పోయిన రోడ్డు

మా ఆయన సర్వేయరు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన పాతించిన హద్దురాయి ఒక్కటి కూడా ఎవరూ పీకలేదు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయనంటే ఎక్కువైనట్టే. నేను రుచి చూసి లేదంటే, లోపం నా నాలుకది.

ఆ శుక్రవారం మా వీధి కొలత ఆయనకే పడింది. ఉపగ్రహాల సంకేతాలు అందుకునే పాత యంత్రాన్ని మూడు కాళ్ల మీద నిలబెట్టి, అంకెలు చూసుకుని, గంభీరంగా లోపలికొచ్చి, మా వంటగది గోడ మీద ఎర్రరంగుతో గీత గీశారు.

"ఇది రోడ్డు," అన్నారు.

"ఏది?"

"నువ్వు నిలబడ్డది."

నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన ఏడాదే ఇద్దరం ఇటుకలు మోసి కట్టుకున్న గది అది! ఇల్లు నా పేరు మీద ఉంది కాబట్టి, ఆక్రమించింది నేనే అని నోటీసు రాసి, నాకే ఇచ్చి, అందినట్టు నాచేతే సంతకం పెట్టించుకున్నారు. సోమవారం పదింటికి కూల్చివేత. అప్పట్నుంచి టీ కోసం వంటగదిలోకి రావాలన్నా కుడివైపు, ఎడమవైపు చూసి మరీ దాటుతున్నారు. శనివారం పొద్దున నేను పొయ్యి దగ్గరుంటే, "దారికి అడ్డం నిలబడకు" అన్నారు. చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

మా అరుపులకి పక్కింటి అన్నయ్యగారు వచ్చారు. ఆయన ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి.

"ఇది సూర్యుడి పనమ్మా. మొన్న అక్కడ పెద్ద పేలుడు జరిగింది. దాన్నుంచి వచ్చిన కణాల గాలి భూమి అయస్కాంతాన్ని కుదిపేసింది. వందల కిలోమీటర్ల ఎత్తున వాతావరణం వేడెక్కి ఉబ్బిపోయింది, అక్కడ కరెంటు నిండిన పొర అల్లకల్లోలమైంది. సంకేతం ఆ పొర దాటి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని ఈ యంత్రం దూరం అనుకుంటుంది. నా రేడియో అయితే రెండ్రోజులుగా గురకే పెడుతోంది."

"యంత్రం అబద్ధం చెప్పదు," అన్నారు మా ఆయన.

"చెప్పదు బావగారూ. పాపం, దానికి తెలిసింది చెబుతుంది."

ఆదివారానికి పైన సూర్యుడు లేపిన తుఫాను తగ్గింది. నేను బతిమాలగా బతిమాలగా, పోనీలే అని మళ్లీ కొలిచారు. గీత నాలుగు మీటర్లు జరిగి బుద్ధిగా వీధిలోకి పోయింది. ఆయన ముఖం పాలిపోయింది. వాళ్ల ఆఫీసులో ఒక పద్ధతుంది: సంతకం పెట్టిన కొలత మారాలంటే, కొలిచినవాడే తప్పు ఒప్పుకుంటూ రాసివ్వాలి. కలం పట్టుకుని గంటసేపు కూర్చున్నారు. చివరికి నా ముఖం చూసి రాశారు.

సోమవారం కూల్చేవాళ్లతో పాటు పై అధికారి కూడా వచ్చాడు. ఆ కాగితం చదివి నవ్వేశాడు.

"ముప్పై ఒక్క ఏళ్లు తప్పు చేయని మనిషి ఇప్పుడెలా చేస్తాడమ్మా? ఇల్లు పోతుందని రాశాడంతే. చెల్లదు."

నేను సూర్యుడి సంగతి ఎత్తాను. "సూర్యుడేమైనా రాసిచ్చాడా?" అన్నాడు. "ఈయన తప్పు చేయగలడని సాక్ష్యం ఉంటే చెప్పండి."

"సాక్షిగా నేనున్నాను. రాసుకోండి!" అన్నాను.

మొదలుపెట్టాను. వాన రాదని గొడుగు లాక్కుని నన్ను నిలువునా తడిపిన రోజు. రైలు ఎనిమిదింటికని వాదించి, ఏడింటి రైలు వెళ్లిపోయాక స్టేషనుకి తీసుకెళ్లిన రోజు. ఎవరి పెళ్లో తెలియని పెళ్లికి తీసుకెళ్లి, భోంచేశాక కూడా మనల్ని పిలిచిన పెళ్లి ఇదేనని బుకాయించిన రోజు. అధికారి వెంట వచ్చిన గుమాస్తా రాస్తున్నాడు. ప్రతిదాని కిందా మా ఆయన 'నిజమే' అని సంతకం పెడుతున్నారు. కూల్చేవాళ్లు సుత్తులు కింద పెట్టి పగలబడి నవ్వుతున్నారు. నాకూ హుషారొచ్చింది. రెండో కాగితం నిండింది.

ఆ ఊపులో నోరు జారాను.

"మా అమ్మకి బాగోలేదని కబురొస్తే, ఏం కాదు, వచ్చే వారం వెళ్దామన్నారు. వచ్చే వారానికి అమ్మ లేదు."

ఎవరూ నవ్వలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. గుమాస్తా కలం ఆగిపోయింది.

"రాయి," అన్నారు మా ఆయన. అతను తటపటాయిస్తుంటే కాగితం లాక్కుని తానే రాశారు. తర్వాత నా వైపు తిరిగి, అంతమందిలో, "నిన్ను ఆ రోజే పంపాల్సింది," అన్నారు.

ఇక చాలన్నాడు అధికారి. కూల్చివేత రద్దయింది. నేను నా వంటగదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, మా అమ్మ కోసం మొదటిసారి గట్టిగా ఏడ్చాను. ఆయన తలుపు కొట్టలేదు. నేను వచ్చేదాకా బయటే నిలబడ్డారు.