నిద్రపోతే చచ్చినట్టేనా?

విత్తన పరీక్షాశాలలో మొలకలక్కది ఇరవై ఆరేళ్ల కొలువు. తడి కాగితంలో చుట్టిన గింజల్ని పద్నాలుగో రోజున విప్పి, మొలిచినవెన్నో మొలవనివెన్నో లెక్కపెట్టడం ఆవిడ పని. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆ రోజు నాలుగు వందల వడ్లలో మొలిచినవి నూట ఇరవై. మిగతావాటిని పట్టకారుతో నొక్కి చూసింది. చచ్చిన గింజ మెత్తగా చితుకుతుంది. ఇవి గట్టిగా ఉన్నాయి.

“ముప్పై శాతం. మిగతావన్నీ చచ్చినవే, ఫెయిల్ అని రాసెయ్,” అన్నాడు కొత్త అధికారి.

“చావలేదు సార్, నిద్రలో ఉన్నాయి. కోసి నెల కూడా కాలేదు. కార్డులో వాటికి వేరే గడి ఉంది చూడండి.”

“ఆ గడి ఎవరూ నింపరు.”

ఎందుకు నింపుతారు? నింపితే మళ్లీ పరీక్ష చెయ్యాలి, ఒళ్లు వంచాలి! గింజలో ఒక హార్మోను “పడుకో” అంటుంది, ఇంకొకటి “లే” అంటుంది. ఏది ఎంతకాలం గెలవాలో జన్యువులు చూసుకుంటాయి. కోతకు ముందు వానలు పడితే, ఆ నిద్ర లేని రకాలు కంకి మీదే మొలకెత్తి పాడవుతాయి. ఈ ఏడు ఎనిమిది రోజుల ముసురుకి చుట్టుపక్కల చేలన్నీ అలాగే పోయాయి. నిలబడింది ఈ వడ్లు పంపిన రైతు పెద్దమ్మ చేను ఒక్కటే. ముప్పై ఏళ్లుగా మంచి కంకులు ఏరి కాపాడుకుంటున్న రకం ఆవిడది, మరెవరి దగ్గరా లేదు. ఏ గుణం పంటను కాపాడిందో దానికే శిక్ష!

మొలకలక్కకు ఒళ్లు మండిపోయింది. “మధ్యాహ్నం మీరు కుర్చీలో కునుకు తీస్తే, పోయారని రాసేస్తామా?”

ఆయన ముఖం మాడ్చుకుని తనే సంతకం పెట్టి, సాయంత్రానికల్లా ఫెయిల్ కాగితం పెద్దమ్మకు పంపించేశాడు.

ఆవిడ ఊరుకోలేదు. నమూనాలో మిగిలిన చివరి నాలుగు వందల గింజలూ తీసి, ఐదు రోజులు వేడి పెట్టెలో ఉంచి నిద్ర వదిలించింది. మళ్లీ తడి కాగితంలో చుట్టి, పద్నాలుగు రోజులాగి విప్పింది. మూడు వందల డెబ్భై ఆరు మొలకలు, పచ్చగా, బారుగా! వెంటనే పెద్దమ్మకు కబురు పెట్టింది.

పెద్దమ్మ వచ్చి వాటిని చూసి తల కొట్టుకుంది. “మిల్లుకి తోలేశానమ్మా. ఫెయిలైన విత్తనం ఎవరు తీసుకుంటారు? వచ్చే పంటకని దాచుకున్న గింజలు కూడా చచ్చినవేననుకుని అందులోనే పోసేశాను. ఒక్క గింజ మిగల్లేదు.”

కోపంతో మొలకలక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొలకల్ని కాగితంతో సహా తడిగుడ్డలో చుట్టి పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. “ఇవాళే నాటెయ్ పెద్దమ్మా.”

“ఏయ్, పరీక్ష చేసిన మొలకలు బయటికి పోకూడదు. చెత్తలో వెయ్యాలి,” అంటూ అధికారి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“మీ కాగితంలో ఇవి చచ్చిపోయాయి కదా సార్. శవాలు ఎవరింటికి పోతే మీకేం? తప్పుకోండి.”